కొత్త గోల్ఫ్ సెట్టు ఇంత చవకెందుకు? కారణం అడగడానికి స్వరాజ్ ద్వీప్‌ దాకా

మా ఇంట్లో ఒక నియమం ఉంది. కొత్త వలను ఎవరైనా కొన్న ధర కంటే తక్కువకి అమ్ముతుంటే మా అమ్మ కొననివ్వదు. వేట చేసుకునే మా ఇళ్లలో విప్పని వల అమ్మకానికి వచ్చిందంటే, దాన్ని సముద్రంలో వేయవలసిన మనిషి ఇక లేడని అర్థం. ఆ వలతో పాటు ఆ ఇంటి దుఃఖం కూడా మన గుమ్మం దాటుతుందని అమ్మ నమ్మకం. అందుకే, స్వరాజ్ ద్వీప్‌లో ఎవరో ఆడవాళ్ల గోల్ఫ్ సెట్టును, ప్లాస్టిక్ కవరు కూడా తీయనిదాన్ని, షాపు ధరలో సగానికి అమ్ముతున్నారని నేను ఫోన్లో ప్రకటన చూపించగానే అమ్మ మొహం మాడిపోయింది.

"కొత్త సరుకు సగానికెవులమ్ముతారే? ఆ ఇంట్లో ఏటో జరిగుంటాది."

"అమ్మా, ఇది వల కాదు. ఆట సామాను."

"ఏదైతే నేటి? ఎందుకమ్ముతున్నారో నువ్వే ఎల్లి అడుగు. మంచి కబురైతే తే. నేకపోతే ఉత్త సేతుల్తో రా."

ఆ సెట్టు నాకు ఎంత అవసరమో చెప్పాలి. మాది పోర్ట్ బ్లెయిర్ దగ్గరి తుష్నాబాద్. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. వ్యాయామ విద్య చదవడానికి విశాఖపట్నం వెళ్లినప్పుడు, ఖర్చుల కోసం ఆదివారాలు ఒక గోల్ఫ్ మైదానంలో బంతులు ఏరేదాన్ని. అక్కడి కోచ్ ఒకరోజు కర్ర చేతికిచ్చి "కొట్టు" అన్నారు. అప్పటినుంచి అరువు కర్రలతోనే ఆట నేర్చుకున్నాను. వచ్చే నెల విశాఖలో సహాయ కోచ్‌ల శిక్షణకు ఎంపిక పరీక్ష ఉంది. ఎవరి సెట్టు వాళ్లే తెచ్చుకోవాలన్నది షరతు. కొత్తది కొనే స్తోమత లేదు. తక్కువకి ఇస్తామన్న వాళ్లు కూడా మా దీవుల పేరు వినగానే "అక్కడికి పంపలేం" అనేవారు. కాబట్టి ఇదొక్కటే దారి.

స్వరాజ్ ద్వీప్‌కి ఉదయం ఆరుంబావు ప్రాంతంలో బయల్దేరే ప్రభుత్వ బోటు మంచిది. సాయంత్రానికి తిరిగి వచ్చేయవచ్చు. కానీ మా ఊరి మొదటి బస్సెక్కితే ఆ బోటు అందదు. అందుకని నాన్న చేపలు పంపే ఆటోలో, ఐసు పెట్టెల పక్కన కూర్చుని పట్నంలోని అబర్డీన్ బజార్‌లో దిగాను. ఆ పట్నం పేరు ఇప్పుడు శ్రీ విజయపురం, మా నోటికి మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిరే. బజారు నుంచి బోట్లు ఆగే ఫీనిక్స్ బే జెట్టీకి నడిచి వెళ్లవచ్చు. టికెట్టు రెండు మూడు రోజుల ముందే తీసుకోండి, ఆ పూట వరుసలో నిలబడితే దొరుకుతుందన్న నమ్మకం లేదు. ప్రైవేటు బోట్లు త్వరగా చేరుస్తాయి గానీ వెయ్యి దాటుతుంది. ప్రభుత్వ బోటు అందులో సగం కూడా కాదు, దీవుల వాళ్ల కార్డు ఉంటే ఇంకా తక్కువ. జెట్టీ బయట పూరీలు వేస్తున్న ఆవిడ నేను దగ్గరకి వెళ్లగానే ముక్కు మూసుకుంది.

"క్యా దీదీ, చేపల బుట్టలో పడుకుని వచ్చావా?"

"బుట్టలో కాదు దీదీ, పక్కన."

"అయితే రెండు పూరీలు ఎక్కువ తిను. బోటులో నీ పక్కన ఎవరూ కూర్చోరు, హాయిగా కాళ్లు చాపుకోవచ్చు."

అలాగే జరిగింది. ప్రయాణం రెండున్నర గంటలు. కొత్త గోల్ఫ్ కర్రలు తక్కువ ధరకు ఎందుకు వస్తాయో నేను చదివినవన్నీ దారిలో గుర్తు చేసుకున్నాను. కొత్త మోడల్ రాగానే నిన్నటిది పాతదైపోతుంది. పోటీల్లో బహుమతిగా వచ్చినదాన్ని, అప్పటికే సెట్టు ఉన్నవాళ్లు అమ్మేస్తారు. పొడవు కుదరక, కుడి ఎడమ చేతి వాటం కుదరక అమ్మేవాళ్లూ ఉంటారు. నకిలీలూ ఉంటాయి, దొంగ సరుకూ ఉంటుంది. వీటిలో ఏదైనా కనిపెట్టగలను. అమ్మ భయపడే కారణమే అయితే? కర్రలు నచ్చి, కారణం చెడ్డదైతే ఏం చేయాలి? తీసుకోకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను. అమ్మకి మాటిచ్చాను మరి.

స్వరాజ్ ద్వీప్ జెట్టీ నుంచి మూడో నంబరు ఊరి బజారుకి ఆటోవాడు వంద అడిగాడు. చిరునామా చూపిస్తే డ్రైవర్ నవ్వి, "సిమెంటు దుకాణమా? అక్కడ షట్టరు కూడా గోల్ఫ్ కర్రతోనే దించుతారు దీదీ" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. తీరా వెళ్లి చూస్తే నిజంగానే, ఎత్తైన షట్టరు పక్కన మేకుకి ఒక ఇనుప తల కర్ర వేలాడుతోంది.

దుకాణం అప్పారావు గారిది, ఆయనది శ్రీకాకుళం వైపు. ప్రకటన పెట్టింది ఆయన భార్య సత్యవతి ఆంటీ. సంచి తెచ్చి సిమెంటు బస్తాల మీద పెట్టారు. ఒక్కొక్క కర్ర తీసి, తల మెడతో కలిసేచోట గోటితో గీసి చూశాను. నాన్న గాలాలు కొనేటప్పుడు తుప్పు కోసం అలాగే చూస్తారు. గోటికి ఏమీ అంటలేదు. పట్టు రబ్బరు జిగటగా లేదు. బిల్లు ఉంది, అసలు సరుకే. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న.

"ఆంటీ, ఎందుకమ్ముతున్నారు?"

ఆంటీ భర్త వైపు చూసింది. ఆయన రసీదు పుస్తకంలో తల దూర్చారు.

"సెప్పు, సిగ్గెందుకు?" అని, ఆంటీ తనే అందుకుంది. "రిసార్టోళ్లందరూ గోల్ఫ్ ఆడతారని ఎవుడో సెప్పాడంటమ్మా. ఆళ్లతో పరిచయమైతే సిమెంటు బాగా పోతాదని చెన్నై నుంచి ఓడలో తెచ్చాడు. మొగుడూ పెళ్లాలకి రెండు సెట్లు కొంటే తగ్గింపంట! నన్నొక మాట అడిగితే కదా?"

"మరి అంకుల్ సెట్టు?"

"ఒక్క రోజు ఆడి నడుం పట్టించుకున్నాడు. ఒక టూరిస్టు కొనుక్కుపోయాడు. షట్టరుకి పనికొస్తాదని ఆ ఒక్క కర్రా ఈయన దాచాడు. నాదానికి బేరమే రాలేదు. ఈ దీవిలో ఆడోళ్ల సెట్టెవులికి కావాల? బయటికి పంపుదామంటే ఇంత పొడుగు పార్సిలుకి వాడడిగే కిరాయి వింటే కళ్లు తిరుగుతాయి. సగమైనా రానీ అని పెట్టాను."

నా గుండె తేలికపడింది. అమ్మకి చెప్పగల కారణమే. డబ్బు తీయబోతుంటే ఆంటీ ఆపింది. "అసలిదేం ఆటో ఒక్కసారి సూపించి పో."

గోదాము వెనక వక్క తోట ఉంది. బంతి లేదు. రాలిన పచ్చి వక్కకాయ ఒకటి గడ్డి మీద పెట్టి కొట్టాను, చెట్ల మధ్య నుంచి దూసుకుపోయింది. ఆంటీ చీర కొంగు దోపి, "ఇలా తే" అంది. రెండుసార్లు గడ్డి లేచింది. మూడోసారి కాయ లేచి గోదాము రేకుల మీద ఢామ్మని పడింది.

"ఎవడ్రా రాళ్లేస్తున్నాడు!" అని లోపల్నుంచి అప్పారావు గారి కేక.

ఆంటీ నవ్వుతూనే ఉంది. కర్ర మాత్రం వదల్లేదు. కాసేపటికి నవ్వు తగ్గి, నెమ్మదిగా అంది: "ఏటనుకోకమ్మా. నేనమ్మను."

సెట్టు ఆవిడది, అడిగే హక్కు నాకు లేదు. అలాగని ఉత్త చేతులతో వెనక్కి వెళ్లడానికీ మనసొప్పలేదు. దుకాణంలోకి వచ్చి బస్తా మీద కూర్చుని పరీక్ష సంగతి, అరువు కర్రల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆంటీ విన్నది గానీ కర్రను ఇంకా ఒళ్లోనే పెట్టుకుంది. అప్పుడు నా చూపు షట్టరు దగ్గరి మేకు మీద పడింది.

"ఆంటీ, అన్ని కర్రలూ మీకెందుకు? నేర్చుకునే వాళ్లకి ఒక్కటి చాలు. నేనూ మొదటి ఏడాదంతా ఒక్కదానితోనే నేర్చుకున్నాను. అదీ ఇలాంటిదే." మేకు మీది కర్ర తీసి చేతికిచ్చాను. "మగవాళ్లది, కొంచెం పొడుగు. నాలుగు వేళ్ల మేర కిందికి పట్టుకోండి."

ఆవిడ పట్టుకుని ఊపి చూసింది. మళ్లీ తోటలోకి నడిచింది. బోటు వేళ దాకా కాళ్లు ఎలా పెట్టాలో, తల ఎందుకు లేపకూడదో చూపిస్తూనే ఉన్నాను. ఇంకో వక్కకాయ రేకుల మీద మోగాక, సంచి నా వైపు తోసింది. "పట్టుకెళ్లు. ధర మాత్రం తగ్గించను, దుకాణమోళ్లం."

"మరి నేను షట్టరు దేంతో దించాలే?" అన్నారు అప్పారావు గారు.

"స్టూలెక్కి దించు."

సాయంత్రపు బోటులో సంచిని ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. ఇల్లు చేరేసరికి అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. ధర అడగలేదు. "మనుసులు బాగున్నారా?" అంది. ఆంటీ కొడుతుండగా ఫోన్లో తీసిన వీడియో చూపించాను. రేకుల చప్పుడు, అప్పారావు గారి కేక విని, "ఆ అరిసినోడేనా మొగుడు?" అంది. అవునన్నాను. "బతికే ఉన్నాడు కదా, సాలు" అని లోపలికి వెళ్లి పసుపు తెచ్చి, కొత్త వలకి పెట్టినట్టే సంచి మూతికి పెట్టింది.

అమ్మ పెట్టిన షరతు నాకు మొదట విసుగనిపించింది. కానీ ఆ ప్రశ్న అడగాల్సి వచ్చింది కాబట్టే సత్యవతి ఆంటీ ఇంటి కథ తెలిసింది. తగ్గిన ధర వెనక ఎప్పుడూ మోసమే ఉండదు, ఎప్పుడూ దుఃఖమే ఉండదు. ఒక్కోసారి, ఒక మనిషిని అడగకుండానే ఆ మనిషి కోసం కొన్న వస్తువు ఉంటుంది. పరీక్ష ఎలా అవుతుందో నాకు తెలియదు. ఈసారి మాత్రం నా కర్రలతోనే నిలబడతాను, అంతవరకు తెలుసు. ఇప్పుడు రోజూ తెల్లారగానే, బంతులకి బదులు మా పెరట్లో వక్కకాయలు ఏరుతున్నాను.

ఒక్క సూచన: చవకగా అమ్ముతున్న కొత్త వస్తువు కోసం బోటెక్కుతుంటే, తిరుగు టికెట్టును సాయంత్రపు బోటుకే తీసుకోండి. వస్తువు చూడటానికి పావుగంట చాలు, అమ్మే మనిషి మాట వినడానికి మాత్రం చాలా సేపు పడుతుంది.