కోత పండుగ నాడు కారు ఎందుకు దూకింది

మా చర్చిలో, బంధువుల ఇళ్లలో, నేను పాఠాలు చెప్పే కాలేజీ స్టాఫ్ రూములో ఒక కథ తిరుగుతోంది. దాన్ని తిప్పింది నేనే. కోత పండుగ నాడు మా ఆవిడ కారు తీయబోయి, బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కి, గుమ్మడికాయల కుప్ప మీదికి పోనిచ్చిందన్నది ఆ కథ. నేను చెబుతుంటే జనం కడుపు పట్టుకుని నవ్వేవారు. అందులో పండుగ నిజం, గుమ్మడికాయలు నిజం. బ్రేకు సంగతి మాత్రం నేను కల్పించినది. ఆ మాట వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా అత్తవారి ఊరికి శ్రీకాకుళం దాటాక హైవే దిగి లోపలికి వెళ్లాలి. అక్కడి చర్చిలో కోత పండుగకు ఎవరి చేలో పండింది వాళ్లు కానుకగా తెస్తారు. కొత్త బియ్యం, అరటి గెలలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజులు. ఆరాధన అయ్యాక అన్నిటినీ ఆవరణలో పెట్టి వేలం వేస్తారు. పాడేవాళ్లు అవసరం కొద్దీ పాడరు, పక్కవాడి మీద పంతం కొద్దీ పాడతారు. నేనూ అంతే.

అప్పటికి మా కారు కొత్తది. చిన్న పెట్రోలు ఇంజను, దానికి బలం పెంచే టర్బో. అంతకు ముందు చాలా ఏళ్లు నేను నడిపింది పాత డీజిల్ కారు. ఆ డీజిల్‌లో మొదటి గేరు వేసి క్లచ్ మెల్లగా వదిలితే చాలు, యాక్సిలరేటర్ ముట్టకుండానే బండి కదిలేది. నాకు తెలిసిన పద్ధతి అదే. మా ఆవిడకు కొత్త కారులో అదే నేర్పాను. కదలబోయి ఇంజను ఆగిపోయినప్పుడల్లా నీ కాలు కుదరలేదనేవాణ్ణి. ఎలాగో లైసెన్సు తెచ్చుకుంది.

ఆవిడ టీచరు. స్కూలు నెల్లిమర్ల దాటి లోపలున్న ఒక ఊళ్లో. విజయనగరంలో మా ఇంటి నుంచి ఆటో, తర్వాత బస్సు, మళ్లీ షేర్ ఆటో. కారు నేర్చుకున్నది ఆ బాధ తప్పించుకోవడానికే. పండుగ తర్వాతి సోమవారం నుంచి కారులో వెళ్లాలని అనుకుంది. దారిలో ఎక్కించుకుంటానని తోటి టీచరుకు మాట కూడా ఇచ్చింది.

పండుగ నాడు మా కారు ఆవరణలో అడ్డంగా ఉందని, కాస్త పక్కకు తీయమని ఎవరో అన్నారు. నేను ఒక అరటి గెల మీద పంతంలో ఉన్నాను. తాళాలు మా ఆవిడ చేతికిచ్చాను. ఇంజను ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేస్తే మళ్లీ ఆగింది. జనం ఇటు తిరిగారు.

"బావా, బండిలో ఆయిల్ ఉన్నాదా, నీళ్లు పోసేవా?" అన్నాడు మా బావమరిది.

వేలం వేసే పెద్దాయన నాకు మావ వరస. ఆయన పాట ఆపి, "అమ్మీ, కారు కూడా పాటలో పెట్టీమంటావేటి?" అని అడిగాడు. అందరూ నవ్వారు.

నాకు తల కొట్టేసినట్టయింది. కారు పక్కకు వెళ్లి నిలబడి, "తొక్కు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కు. ఏటి సూస్తన్నావు?" అన్నాను.

తొక్కింది. ఒక క్షణం ఏమీ కాలేదు. "ఇంకా తొక్కూ" అని అరిచాను. ఇంకా తొక్కి, క్లచ్ వదిలేసింది. అప్పుడు ఇంజను ఊపంతా ఒక్కసారిగా వచ్చింది. కారు దూకి, గుమ్మడికాయల కుప్పలోకి వెళ్లి ఆగింది. కాయలు పగిలాయి, పుంజులు గోల పెట్టాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కుప్ప పక్కన కూర్చున్న ఒక ముసలామె కాళ్లు లోపలికి లాక్కోవడం నేను చూశాను. నా కథలో ఆ ముసలామె ఎప్పుడూ లేదు.

మా ఆవిడ కారు దిగింది. "కాలు తీసీసేనండి. తీసీసేక కూడా పోయింది" అంది.

"కాలు తీస్తే బండెలగ పోతాది? బ్రేకనుకుని అదే తొక్కుంటావు" అన్నాను, అందరికీ వినబడేలా.

జనం మళ్లీ నవ్వారు. నేను అరిచిన అరుపులు ఆ నవ్వులో కొట్టుకుపోయాయి. ఇంటికి వచ్చే దారిలో ఆవిడ అదే మాట మళ్లీ చెప్పింది. "సర్లే" అన్నాను. ఆ తర్వాత ఇక చెప్పలేదు. సోమవారం ఆటో ఎక్కింది. తోటి టీచరు కొన్నాళ్లు అడిగి మానేసింది, తర్వాత బదిలీ మీద వెళ్లిపోయింది. నేను మాత్రం కథ చెబుతూనే ఉన్నాను.

కిందటి వానాకాలం మా వీధిలో ఒక స్కూటరు వెనక కారు పెడుతున్నాను. ముందు కాస్త కదలక, తొక్కగానే లాగింది. కాలు తీశాను. తీశాక కూడా జానెడు ముందుకు పోయి, స్కూటరుకు తగిలీ తగలకుండా ఆగింది. మర్నాడు సర్వీసుకు తీసుకెళ్లి, "కాలు తీసేశాక కూడా పోతన్నాది" అని చెప్పాను. కౌంటరులో ఉన్నతను ఆ మాట యథాతథంగా రాసుకున్నాడు. బ్రేకు అనుకుని తొక్కారేమో అని నన్ను ఎవరూ అడగలేదు. అతను రాస్తుండగా నాకు వినబడింది, అది ఎవరి మాటో.

మెకానిక్ ఒక ట్యాబ్ కారుకు తగిలించి, పక్కన కూర్చుని నన్ను షెడ్డు వెనక నడపమన్నాడు. తెరమీద రెండు గీతలు కనిపించాయి.

"ఈ పై గీత మీ కాలు సార్. కిందది ఇంజన్లోకి గాలిని ఒదిలే మూత, థ్రాటిల్. పాత బండ్లో రెంటికీ మధ్యన కేబులుండేది. ఇందులో లేదు. మీ కాలు అడుగుతాది, కంప్యూటర్ ఇస్తాది. ఎప్పుడివ్వాల, ఎంతివ్వాల అన్నది కంపెనీ ముందే పెట్టీసింది."

నేను కాలు తీశాను. పై గీత నిట్టనిలువున పడింది. కిందది ఏటవాలుగా, తీరిగ్గా దిగింది.

"దీనికి రిపేరేటి?" అన్నాను.

"రిపేరేటుంటాది సార్? ఇది జబ్బు కాదు, గుణం. అన్ని బండ్లూ ఇలాగే ఉండవు, దీనికి ఇలగ పెట్టేరు. కాలు తీయగానే ఠక్కున మూసీస్తే లోపలున్నోళ్లకి కుదుపొస్తాది. పొగ ఎక్కువ రాకూడదని గవర్నమెంటు రూల్సూ ఉన్నాయి. మొదట్లో ఇంజను తిరగడం తక్కువైతే టర్బోకి ఊపు రాదు. ఊపందుకున్నాక ఒకేసారి ఇస్తాది. మీరలవాటు పడాల, అంతే."

ఇంటికి వస్తూ ఆ పండుగను ముక్కలు ముక్కలుగా గుర్తు చేసుకున్నాను. డీజిల్ పద్ధతి నేర్పింది నేను, అందుకే ఇంజను రెండుసార్లు ఆగింది. కారు ఊపు ఇవ్వకముందే ఇంకా తొక్కమని అరిచింది నేను. ఆవిడ క్లచ్ ఒక్కసారిగా వదిలింది, అది నిజమే. కొత్తగా నేర్చుకున్నవాళ్లు అరుపులకు అలాగే వదులుతారు. కాలు తీసేసిందన్నది కూడా అంతే నిజం.

ఇంట్లో ఆవిడ చీర ఇస్త్రీ చేసుకుంటోంది. చెప్పాను. "ఆ రోజు నువ్వు కాలు తీసీసేవు. కారే లేటుగా మూసింది. మెకానిక్ గీతలు సూపించేడు."

ఇస్త్రీపెట్టె నిలబెట్టి నా వైపు చూసింది. "నేను సెప్పినపుడు గీతల్లేవు కదా."

తప్పయిందన్నాను.

"నా సెవిలో సెప్తే ఏటి లాభం? కథ అందరి దగ్గరా సెప్పేరు. అక్కడే సెప్పండి."

ఈసారి కోత పండుగకు బావమరిది ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. "బావా, గుమ్మడికాయలు అవతల పెట్టించీమంటావా?" నేను అందరి ముందూ జరిగింది చెప్పాను, గీతల గురించి కూడా. ఎవరూ నవ్వలేదు. వేలం పెద్దాయన కండువాతో మొహం తుడుచుకుని, "ఇన్నాళ్లూ నవ్వించీసి ఇప్పుడు కాదంటావేటి అల్లుడూ? పాతదే బాగున్నాది" అన్నాడు.

"అక్క అప్పుడే సెప్పింది కదా. నువ్వు కాదన్నావనే మేం నవ్వేం" అన్నాడు బావమరిది.

ఆ తర్వాత ఆదివారాలు మధ్యాహ్నం ఆవిడ కారు తీసుకుని మా కాలేజీ గ్రౌండుకు వెళ్లడం మొదలుపెట్టింది. నన్ను పక్కన కూర్చోనివ్వలేదు. కారు గుణం ఏమిటో మాత్రం వివరంగా అడిగి తెలుసుకుంది. కొంచెం తొక్కి, ఇంజను అందుకునే దాకా ఆగి, అప్పుడు క్లచ్ వదులుతుంది. వేగం తగ్గించాల్సిన చోటుకు కాస్త ముందే కాలు తీస్తుంది. నాకంటే మెత్తగా నడుపుతోంది.

మొన్న సోమవారం స్కూలుకు కారులో వెళ్లింది. బయలుదేరే ముందు, "మీరు గేటు దగ్గర నిలబడి సేతులూపొద్దు" అంది. నేను లోపల టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. స్టార్టు అయిన చప్పుడు, ఒక్క క్షణం నిదానం, తర్వాత కారు మెల్లగా వీధిలోకి దిగిన చప్పుడు వినిపించాయి. మలుపు తిరిగి అది వినబడకుండా పోయే దాకా లేవలేదు.