ఏడు నిలువుల దగ్గర ఆగిన బావి

మొన్న కారంపూడి నుంచి మా అక్క మనవడు ఫోన్ చేసి, గోదావరి నీళ్ళు మన వైపు మళ్లిస్తారని పేపర్లో వేశారనీ, వేయించబోయే బోరు ఆపెయ్యమంటావా అనీ అడిగాడు. తొంభై దాటిన చెవులకు మాటలు సరిగా అందవు గానీ ఆ ప్రశ్న సూటిగా తగిలింది. దానికి నేను ఒకసారి తప్పు జవాబు చెప్పినవాణ్ణి.

తెల్లదొరలు ఇంకా వెళ్ళని రోజుల్లో, కృష్ణకు ఆనకట్ట కట్టి పల్నాటి మెట్టకు కాలువ తవ్వడానికి కొలతలు వేసే జట్టులో నాకు కొలత గొలుసు పట్టే పని దొరికింది. ఖాకీ నిక్కరు వేసుకుని, ఎర్రజెండా భుజాన పెట్టుకుని ఊరి మీదుగా పోతుంటే నీళ్ళు నేనే తెస్తున్నంత మిడిసిపాటు. ఆ వేసవిలో అక్కా బావా చేలో బావి తవ్వుతున్నారు. బావ గునపంతో నాపరాయి పగలగొడుతుంటే అక్క పైనుంచి తట్టలు లాగేది. ఏడు నిలువులు దిగారు, రాతి అడుగున చెమ్మ కూడా తగిలింది.

"ఏందిరా బామ్మర్దీ, కృష్ణమ్మను ఆ గొలుసుతో కట్టి లాక్కొస్తన్నావా?" అని, గట్టున ఆగిన నన్ను చూసి లోపలినుంచే నవ్వాడు బావ.

నాకు రోషం వచ్చింది. రెండేళ్ళలో నీ గట్టు పక్కనే కాలువ పారుతుంది, ఈ రాళ్ళతో చాకిరీ ఎందుకన్నాను. ఇవి ఉత్త కొలతలే, కాలువ ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరికీ తెలియదని మా సర్వేయరు ముందురోజే చెప్పాడు. ఆ మాట మింగేశాను. బావ గునపం తాడుకు కట్టి ఎక్కి వచ్చాడు, మళ్ళీ దిగలేదు.

ఆ ఏటి వానలకు అంచులు విరిగి బావి సగం పూడింది. మరుసటి ఏడు వానే లేదు. వాగులో చెలమ తోడి కడవ నింపేసరికి పొద్దెక్కేది. ఆ కడవను ఎడ్ల ముందు పెట్టాలో పొయ్యి మీద పెట్టాలో తెలియక అక్క వాకిట్లో నిలబడిపోయేది. చివరికి ఎడ్లను బతికించుకోవడానికి బావ డెల్టా వైపు తోలుకుపోయి, ఒక్క ఎద్దుతో తిరిగొచ్చాడు.

కాలువ రావడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. అప్పటికి బావ లేడు. ఆనకట్టకు ఎగువన ఊళ్ళకు ఊళ్ళు మునిగి జనం మూటలతో కదిలారు. దిగువన జొన్నచేలు వరిమళ్ళయ్యాయి. అక్క చేలో కొంత కాలువ తవ్వకానికే పోయింది, మిగిలింది పచ్చబడింది. కాలువ ఊటకు ఆ పూడిన బావి గుంత దానంతటదే నిండింది.

"వచ్చినయ్ లేరా తమ్ముడా, నీ నీళ్ళు," అంది అక్క. అది ఎత్తిపొడుపో కాదో ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు తట్టలు లాగేవాళ్ళు లేరు, ఒక్క పూటలో బోరు మిషను పాతాళానికి దిగిపోతుంది. కాలువ చివరి భూములకు నీరందని ఏట ఆ బోర్లూ ఎండుతున్నాయి. నీళ్ళొస్తాయన్న మాట వినగానే చేతిలో పని ఆపేసే మనిషి మాత్రం అలాగే ఉన్నాడు. ఆపొద్దురా అన్నాను మనవడితో. బోరులో నీళ్ళు పడతాయో లేదో, గోదావరి ఎప్పుడొస్తుందో నాకు తెలియదని కూడా చెప్పాను. ఆనాడు బావి గట్టున నిలబడి చెప్పవలసిన మాట అదే.