ఊరి పేరు నేసిన జంపఖానా

మా బాపు నేసిన జంపఖానాలు ఫంక్షన్ హాళ్లకు పోతాయి. ఏ హాలుకు పోయే జంపఖానా అంచున ఆ హాలు పేరు నేయడం మా ఇంటి ఆనవాయితీ. పెళ్లిళ్ల సందట్లో తారుమారైనా పేరు చూసి తిరిగి ఇచ్చేస్తారు. అందుకే జపాన్‌లో నేను అద్దెకున్న ఇంటి అవ్వకు ఒకటి పంపుదామంటే, ఆమె ఊరి పేరు నేయాల్సిందే అన్నాడు బాపు. కళ్లు మసకేస్తున్నాయి కాబట్టి ఇదే ఆఖరుదని కూడా అన్నాడు.

ఆ ఊరి పేరు జపాన్ అక్షరాల్లో గళ్ల కాగితం మీద దించి ఇచ్చాను. బాపు ఆ అక్షరాలను పువ్వుల డిజైన్‌లా చూసుకుంటూ సగం పేరు నేశాడు.

ఈలోపు ఖర్చెంతో అడుగుదామని కొరియర్ ఆఫీసుకు వెళ్లాను. కంప్యూటర్ ఆ ఊరిని ఒప్పుకోలేదు. నేను తిరిగొచ్చేశాక ఆ చిన్న టౌన్‌ను పక్క సిటీలో కలిపేశారట. బట్టల ఫ్యాక్టరీలో శిక్షణకని వెళ్లి, వయసులో రెండేళ్లు బతికిన చోటది. మూడు వైపులా గుట్టలు, మధ్యలో వరి మళ్లు, ఒకే పెట్టె ఉన్న రైలు. నాట్ల రోజుల్లో వచ్చే బురద వాసన అచ్చం మా ఊరి పొలాలదే. అదంతా ఏ ఊరని చెప్పుకోవాలిప్పుడు?

విప్పితే మళ్లీ నేసే చూపు బాపుకు లేదు. ఉంచితే, లేని ఊరి పేరు చూసి అవ్వ నొచ్చుకుంటుందేమో. ఎటూ పాలుపోక నా మీద నాకే చిరాకేసింది. చివరికి అవ్వకే వీడియో కాల్ చేసి, ఫోన్ మగ్గం వైపు తిప్పి, విప్పాలా ఉంచాలా అని అడిగాను.

ఆమె ఆ సగం పేరును పైకి చదివింది. గుట్టలు అక్కడే ఉన్నాయని, బస్సు కూడా వస్తోందని చెప్పింది.

"నేను ఈ ఇల్లు దాటి ఎటూ పోలేదమ్మా. ఊరే వెళ్లిపోయింది. విప్పొద్దని మీ నాన్నకు చెప్పు."

చెప్పాను. బాపు మిగతా అక్షరాలు నేశాడు. ఆ తర్వాత నన్ను పిలిచాడు.

"రెండో కొసకు మన ఊరి పేరు గుడ రాసియ్యి బిడ్డా. మనదెప్పుడు పోతదో ఏమో."

మా హసన్‌పర్తిని వరంగల్ కార్పొరేషన్‌లో కలిపి ఏళ్లయింది. ఇంటి పన్ను బాపు కట్టేది ఆ కార్పొరేషన్‌కే. అయినా అలా అంటాడేమిటో! గళ్ల కాగితం ముందేసుకుని, ఏ పేరు రాయాలో తోచక, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను.