జర్మీనాతో మాట్లాడింది నేనే

ఈ మాట ఇన్నేళ్లూ నా గొంతులోనే ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది కాకినాడ. దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో మా బిల్డింగు పిల్లలకు ఖురాన్ నేర్పుతాను; అందరూ నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తారు. కింద రొట్టెల దుకాణంలో పనిచేసే రహ్మత్ భాయ్‌ది కాబూల్. అక్కడ ప్రభుత్వం మారి, ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి మూసేశాక, తన కూతురు జర్మీనాకు ఫోన్లో ఖురాన్ చెప్పమని నన్ను అడిగాడు. ఒప్పుకున్నాను.

ఒకరోజు పాఠం అయ్యాక ఆ పిల్ల బడిలో సగంలో ఆగిపోయిన సైన్సు సంగతి ఎత్తింది. అప్పటినుంచి సగం సేపు ఖురాన్, సగం సేపు సైన్సు. గుండె బొమ్మ గీసి పంపాను. తండ్రికి చెప్పలేదు. నేర్పడం తప్పా? కాదు. రెండూ ఇల్మే, రెండూ చదువే. మా నాన్న, మా అబ్బా, నాకు అలాగే నేర్పారు. ఎవరో తుపాకీ పట్టుకుని వచ్చి, ఇది దీన్‌కు, మతానికి చెందిన చదువు, అది కాదు అని గీత గీస్తే నేనెందుకు ఒప్పుకోవాలి? ఈరోజుకీ ఒప్పుకోను.

నా తప్పు వేరే.

నా బొమ్మ చూసి జర్మీనా కాగితాల మీద గీసుకున్న బొమ్మలు ఆమె బాబాయి కంటపడ్డాయి. ఎవరు నేర్పారని ఎంత అడిగినా ఆ పిల్ల నోరు విప్పలేదట. రహ్మత్ భాయ్ మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. చేతులకింకా పిండి ఉంది.

"ఆపా, మీరు నేర్పారా?"

"లేదు భాయ్. ఖురాన్ ఒక్కటే."

అతను చేతుల పిండి దులుపుకున్నాడు. "మీరే అయితే బాగుండు అనుకున్నాను. ఆపా చెప్పిందంటే మా తమ్ముడికి ఎలాగో నచ్చజెప్పేవాణ్ణి. ఇప్పుడు వాడు, పిల్ల ఎవడో మగాడితో మాట్లాడుతోందంటున్నాడు."

అప్పుడైనా చెప్పాల్సింది కదా? నోరు రాలేదు. ఖురాన్ పేరు చెప్పి ఇంకేదో నేర్పానని తెలిస్తే బిల్డింగులో తల్లులు పిల్లల్ని మాన్పించేస్తారని భయం. అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. ఆ తండ్రిని ఒక్కమాటైనా అడక్కుండా, బడి మూసినవాళ్లలో జమకట్టేశాను.

జర్మీనా ఫోను లాక్కున్నారు. ఏడాది తిరక్కుండా పెళ్లి చేసేశారు. రహ్మత్ భాయ్ దుకాణం మానేసి వెళ్లిపోయాడు. ఎక్కడున్నాడో తెలియదు.

మిమ్మల్ని క్షమించమని అడగను. పాఠానికి క్షమాపణ అక్కర్లేదు. అబద్ధాన్ని క్షమించాల్సింది మీరు కాదు. ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లలకు ఖురాన్ అయ్యాక సైన్సు కూడా చెబుతున్నాను. తల్లులకు ముందే చెప్పాను. కొందరు మాన్పించారు. మాన్పించనీ.

ఆ పిల్లతో ఏ మగాడూ మాట్లాడలేదు. మాట్లాడింది నేను. గుండె బొమ్మ గీసింది నేను.