చాలు అని రాసిన బటను

ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో ఒక్క అక్షరం అబద్ధమైనా రేపటినుంచి నా చాయ్‌లో చక్కెర కరగకుండా పోవాలి. డాక్టరు నాకు చక్కెర మాన్పించి ఏళ్లయిందన్న సంగతి వేరు, ఒట్టు మాత్రం ఒట్టే.

మొన్న మా చెల్లె కొడుకు హైదరాబాదునుంచి వచ్చి తన ఉద్యోగమేమిటో నాకు నేర్పబోయాడు. జనం పక్కన కూర్చుని వాళ్లు పని ఎట్లా చేస్తారో, ఎక్కడ తడబడతారో కనిపెట్టి, దాన్నిబట్టి ఫోను తెరమీద ఏ బటను ఎక్కడుండాలో, దానిమీద ఏ మాట రాయాలో తేల్చడమట. లోకంలో ఇదే మొదటిసారి అన్నట్టు చేతులు తిప్పుతూ చెప్తుంటే నాకు ఒళ్లు మండింది. అదే విద్య చేసి నేను ఆదిలాబాద్‌లో సొంత మేనత్త చేత తిట్లు తిన్ననాటికి వీడి తల్లికి ఇంకా పెళ్లే కాలేదు.

ఎనభైల్లో మాట. మాది సుల్తానాబాద్ దగ్గరి ఊరు. నేను కరీంనగర్‌లో, మోటార్లకు స్విచ్‌బోర్డులు చేసే ఒక చిన్న షాపులో పనికి కుదిరాను. ఆదిలాబాద్ వైపు ఒక పత్తి మిల్లు సేటు, పత్తినుంచి గింజ తీసే మిషన్లకు విడివిడిగా మోటార్లు పెట్టించుకుంటూ, ఒక్కోదానికి ఒక్కో బోర్డు కావాలన్నాడు. మా షాపాయన నన్ను పిలిచి, పోయి వాళ్ల పని కండ్లార చూసి రమ్మన్నాడు. చూడకుండా చేసిన బోర్డు గోడకు క్యాలెండరులాగే పనికొస్తుందన్నాడు.

ఆ మిల్లులో అప్పటిదాకా ఉన్న పద్ధతి వేరు. పొడుగాటి రేకుల షెడ్డులో వరసగా మిషన్లు, ఒక్కోదాని ముందు పత్తి అందిస్తూ ఒక్కో ఆడమనిషి, అన్నిటినీ తిప్పేది మాత్రం ఒక్కటే పెద్ద మోటారు. షెడ్డు చివర దాని పిడి పట్టుకుని ఒక మనిషి కూర్చునేవాడు. ఆడవాళ్లు చాలూ అని కేకేస్తే పిడి ఎత్తేవాడు, బంద్ అంటే దించేవాడు. మరాఠీ గాలి తగిలిన ఆ జిల్లాలో చాలూ అంటే నడిపించమని. మా వైపు దానికి షురూ అంటాం, విస్తట్లో అన్నం ఎక్కువైనప్పుడే చాలు అంటాం.

ఆ పిడి పట్టుకున్న మనిషి మా మేనత్త భర్త, మా మామ. వరసలో మొదటి మిషను మా అత్తది. ప్రతి మిషనుకూ బటను వస్తే ఇక కేక వినే మనిషి ఎందుకన్న ప్రశ్న నాకు తట్టకముందే మా అత్తకు తట్టింది. నేను స్టూలు వేసుకుని కూర్చోగానే షెడ్డంతా వినేట్టు చెప్పింది.

"వీడు మా తమ్ముని కొడుకు గాదు. సేటు పెట్టిన కన్ను. మీ మామ కూడు తిననీకె వచ్చినవారా?"

ఆ పూటనుంచి నాకు గుక్కెడు నీళ్లు పోసిన దిక్కు లేదు. గంపలు దులపాల్సి వస్తే వాళ్లకు నా నెత్తి తప్ప చోటు దొరికేది కాదు. పైగా నేను చూస్తున్నంతసేపు పని చేయలేదు, పని చేస్తున్నట్టు చేశారు; ఒక్కొక్క పత్తి రెబ్బను పెళ్లికూతురి జడలో పువ్వు తురిమినట్టు మిషనులో పెట్టేవారు. నాకూ పంతమొచ్చి పత్తి కుప్పలో దూరి, ముక్కూ కళ్లూ మాత్రం బయటపెట్టి చూశాను. అసలు పని అప్పుడు కనబడింది: చేతుల పరుగు, జారే కొంగులు, కేక ఇంకా గొంతులో ఉండగానే పిడిమీదికి పోయే మామ చెయ్యి. నామీద ఎంత దూది పేరుకుందంటే, ఒకామె నన్ను పత్తే అనుకుని గంపకెత్తి మిషను దాకా మోసుకుపోయింది. తుమ్మాను కాబట్టి బతికాను.

చూసింది చూసినట్టు చేశాను. వాళ్ల నోటి మాటలే బోర్డుమీద రాయించాను, పై బటనుకు చాలు, కింది బటనుకు బంద్. కేకలో ఉన్న దీర్ఘం పెయింటరు కుంచెకు అందలేదు. రంగు బటన్లు దొరక్క రెండూ నల్లవే బిగించాం. మొదటి బోర్డు మా అత్త మిషనుకే పెట్టి, దానికి కరెంటు మాత్రం తాత్కాలికంగా పాత పిడి గుండానే ఇచ్చాం. సేటు వచ్చి నిలబడ్డాడు. మామ బోర్డును ఎగాదిగా చూసి నాతో ఒక్కమాటే అన్నాడు.

"అల్లుడా, కేకేస్తే గీ డబ్బా ఇంటదా?"

మిషను తిరిగిన కాసేపటికే అత్త కొంగు రోలర్లలో చిక్కింది. ఆ జిల్లాలో ఎన్నేళ్లు కాపురం చేసినా, భయంలో మనిషికి పుట్టింటి భాషే గుర్తొస్తుంది. అక్షరాలొచ్చిన మా అత్త కళ్లకు చాలు అన్న మాటే కనబడి, ఇక చాలు, ఇక చాలు అన్నట్టు ఆ బటనునే గుద్దింది. తిరుగుతున్న మిషను తిరుగుతూనే ఉంది, అత్త మెడ వంగుతూనే ఉంది. బంద్ అని ఎవరూ అరవనేలేదు. మామ అప్పటికే పిడి దించేశాడు.

సేటు అక్కడికక్కడే బోర్డులు వద్దని, పిడి దగ్గర మామనే ఉండమన్నాడు. చెయ్యి వణికేదాకా మామ ఆ కొలువు చేశాడు.

మన తరం వాళ్లకు తెలుసు, ఒకప్పుడు ప్రతి కేకకూ అవతల ఒక చెవి ఉండేది. బస్సులో వెనకనుంచి ఆపమని అరిస్తే మనిషి మనిషికి అందించి డ్రైవరు దాకా చేర్చేవారు. ఇప్పుడు లిఫ్టులో, బ్యాంకు మిషను ముందు, ఫోనులో అన్నీ బటన్లే. తప్పు నొక్కితే తప్పు మనదే. మా చెల్లె కొడుక్కు ఇదంతా చెప్తే, మీ మామ అదృష్టవంతుడు మామా అన్నాడు.

సరే, ఒట్టు పెట్టాను గనుక చెప్తాను. గంపలో నన్ను మోసింది నిజం, తుమ్మింది నిజం. ఒక్కటే కల్పించాను, సేటు బోర్డులు వద్దనడం. సేటు తప్పంతా మాటదని తేల్చి, చాలు, బంద్ చెరిపించి స్టార్ట్, స్టాప్ అని రాయించి అన్ని మిషన్లకూ పెట్టించాడు. ఆ ఏటి పత్తి అయిపోకముందే మామ ఇంట్లో కూర్చున్నాడు.

ఆ తర్వాత ఒకసారి వాళ్లింటికి పోతే, అత్త పలకరించకుండానే విస్తరేసి అన్నం పెట్టింది. నేను చాలు అన్నకొద్దీ వడ్డిస్తూనే పోయింది. విస్తరి నిండి అన్నం నేలమీద పడుతుంటే, చాలత్తా అని చెయ్యి అడ్డం పెట్టాను.

"చాలంటే షురూ అని నువ్వే గద రాసినవ్," అంది. "తిను."