అన్నం మానేసిన భీమశంకరరావు

అన్నం మానేస్తే నడుము ఎలా సన్నబడుతుందో భీమశంకరరావు వివరిస్తుండగా, ఆయన ప్యాంటు గుండీ తెగి, ఎదురుగా భోంచేస్తున్న ఆఫీసు గుమాస్తా జూలీ పప్పుగిన్నెలో పడింది. ఆయన దాన్ని చెంచాతో తీసి, తుడిచి, జేబులో వేసుకుని, ఉపన్యాసం ఆగిన చోటి నుంచే అందుకున్నాడు. విమానాశ్రయం పక్కనున్న సరుకుల ఆఫీసులో ఆయన సూపర్‌వైజరు, ఏనాడో కాకినాడ నుంచి వచ్చి శంషాబాద్‌లో స్థిరపడ్డవాడు. అన్నం వదిలి ఏడాదైంది. వదిలింది అన్నాన్ని మాత్రమే. పొద్దున పక్క ఊరు సాతంరాయిలో టిఫిన్ బండి దగ్గర ఉప్మా పెసరట్లు, మధ్యాహ్నం ఓ దొంతర చపాతీలు, సాయంత్రం పూరీలు. ఇవన్నీ ఆయన దృష్టిలో టిఫిన్లు, అంటే గాలితో సమానం. తిన్న కాసేపటికే మళ్లీ ఆకలి. నాలుకతో పళ్లసందులు వెతుక్కుంటూ, సొరుగులో జంతికల కోసం తడుముకుంటూ, ఎవరి డబ్బా మూత తెరుచుకున్నా మెడ అటు సాచుతాడు. రోజూ సరుకులు తూచే కాటా ఎక్కుతాడు. అంకె తగ్గకపోతే కాటాకే మరమ్మతు కావాలంటాడు.

నిన్న సాయంత్రం జూలీ షుగర్ ఇంజెక్షన్ తీసుకుని, చేతులు కడుక్కుని వచ్చేసరికి, ఆమె బల్ల మీది డబ్బా ఖాళీగా ఉంది. అందులోని రెండు జొన్నరొట్టెలూ, చిక్కుడుకాయ కూరా తిన్న భీమశంకరరావు రుమాలుతో మూతి తుడుచుకుంటున్నాడు.

"ఏంది సార్ గిట్ల చేసిన్రు? సూది ఏసుకున్న. ఇప్పుడు తినకుంటే కళ్లు తిరిగి పడిపోత," అంది జూలీ, కుర్చీ పట్టుకుని.

ఆయన నొచ్చుకున్నట్టు చూశాడు.

"అందులో అన్నం మెతుకు ఒక్కటున్నా నేను ముట్టేవాణ్ణా, చెప్పమ్మా?"