కొండవీరుడి చిక్కటి రక్తం

గని ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ల్యాబాయనకు తన రక్తమంటే మహా గర్వం. మైదానం నుంచి ఉద్యోగానికని ఆ ఎత్తైన కొండ ఊరికి వచ్చి, అక్కడి పిల్లనే పెళ్ళాడి, అక్కడే పాతుకుపోయాడు.

కింది నుంచి వచ్చిన ఉద్యోగులకు అక్కడొక సరదా ఉండేది. ఏటా ఆరోగ్య పరీక్షల్లో ఎవరి హిమోగ్లోబిన్ అందరికంటే ఎక్కువుంటే వాళ్ళు ఆ ఏటి కొండవీరుడు. మిగతావాళ్ళు క్యాంటీన్‌లో టీ ఇప్పించాలి. పల్చటి గాలికి రక్తం చిక్కబడిందంటే కొండ ఒంటబట్టినట్టేనని వాళ్ళ లెక్క. బిరుదు ప్రతిసారీ ల్యాబాయనదే. పరీక్ష చేసేదీ ఆయనే, గెలిచేదీ ఆయనే కనక కొందరు గుసగుసలు పోయారు గానీ, అంకెలో మోసం లేదు. మోసమంతా ఆయన బుర్రలోనే ఉంది.

భార్య బట్టలు కుడుతుంది. గుడ్డల మూట చంకన పెట్టుకుని ఏటవాలు వీధి ఎక్కుతూ కబుర్లు చెప్పేది. ఆయన మాత్రం ప్రతి మలుపులోనూ ఆగి, వంగి, బూటు లేసు కట్టుకునేవాడు. ఊడని లేసును అన్నిసార్లు కట్టిన మనిషి లోకంలో మరొకడు ఉండడు. పైగా ఆవిడకే రక్తం తక్కువని ఆయన బెంగ. ఆడవాళ్ళకు కాస్త తక్కువే ఉంటుందని తెలిసినా, మరీ ఇంత తేడానా అని ఐరన్ మాత్రలు తెచ్చి, రోజూ పొద్దున్నే దగ్గర నిలబడి మింగించేవాడు. ఆయాసపడేవాడు ఆయాసం ఎరగని మనిషికి వైద్యం చేయడమేమిటన్న అనుమానం ఒక్కనాడూ రాలేదు. చదువుకున్నవాడు కదా.

ఒక ఏడు అంకె మరీ పైకెక్కింది. పెదవులు నీలంగా మారాయి, తలనొప్పి వదల్లేదు. ఒకరోజు నమూనాల ట్రేతో సహా వరండాలో కూలబడ్డాడు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ పరీక్షించి, ఇది బలం కాదండీ, జబ్బని తేల్చింది. గాలి పల్చబడగానే రక్తం చిక్కబరచమని ఒంటిని తొందరపెట్టే జన్యువొకటి ఉందట. వేల ఏళ్ళుగా ఈ కొండల్లో పుట్టి పెరిగిన వాళ్ళలో అది మారి, నెమ్మదించింది. ఆ మార్పున్నవాళ్ళే ఎక్కువగా బతికి, దాన్ని పిల్లలకు ఇచ్చారు. అందుకే ఆయన భార్య రక్తం పల్చగా, హాయిగా పారుతోంది. ఆయన ఒళ్ళు మాత్రం నిన్నగాక మొన్న బస్సు దిగినట్టు ఇంకా కంగారు పడుతూనే ఉంది. కిందికి దిగిపోకపోతే గుండె తట్టుకోదని చెప్పింది.

కొండవీరుడు ఇంటికి వచ్చి కుర్చీలో చతికిలబడ్డాడు. ఆవిణ్ణి వదిలి బతకడం ఆయనకు చేతకాదు. పుట్టిన ఊరు, బాగా నడుస్తున్న ఆవిడ కుట్టు కొట్టు వదిలి రమ్మని అడగడానికి మొహం చెల్లలేదు. డాక్టరమ్మ మాటలు మాత్రం ఎలాగో అప్పజెప్పాడు.

ఆవిడ మిషన్ ఆపింది.

“ఆ మాత్రలు నేనెప్పుడూ మింగలేదు. బుగ్గన దాచుకుని, మీరు బూట్లు తొడుక్కునే లోపు గులాబీ కుండీలో ఉమ్మేసేదాన్ని.”

“మరి చెప్పలేదేం?”

“చిన్నబుచ్చుకుంటారని.”

ఆవిడ లేచి కుట్టుమిషన్ మరలు విప్పడం మొదలుపెట్టింది. అదెందుకని అడిగాడు.

“స్టాండుతో సహా అయితే బస్సులో ఎక్కనివ్వరు.”

ల్యాబాయనకు ఏడుపొచ్చింది. తలనొప్పి అని చెప్పుకున్నాడు.

కింద ఊళ్ళో ఒక చిన్న రక్తపరీక్షల కేంద్రంలో పనికి కుదిరాడు. ఆయన అంకె మెల్లగా దిగుతూ వచ్చి చివరికి ఆవిడ అంకెకు దగ్గరైంది. ఆవిడది పెద్దగా కదలనే లేదు. ఇక ఎవరూ టీ ఇప్పించలేదు.

ఎండ మాత్రం ఆవిడకు పడలేదు. ఒక మధ్యాహ్నం బజారు నుంచి వస్తుంటే వెనకబడిపోయింది. మొహమంతా చెమట. అలసిపోయానని మాత్రం అనదు. ల్యాబాయన నీడ చూసుకుని ఆగాడు, వంగాడు, లేసు విప్పి మళ్ళీ తీరిగ్గా కట్టుకోసాగాడు. ఆవిడ వచ్చి పక్కన నిలబడి ఊపిరి తీసుకుంది.

“మళ్ళీ ఊడిందా?” అంది.

“ఊడింది,” అన్నాడు.